నీలిమింగి పస్తు

పొట్నూరు కూర్మినాయుడికి ఏ పనిలోనైనా ముందు తేదీ వచ్చేది, ఆ తరువాతే పని వచ్చేది. వంతెనకి పునాది తవ్వకముందే ప్రారంభోత్సవం తేదీ ప్రకటించేవాడు. బడి గోడలు లేవకముందే రిబ్బను కొనిపించేవాడు. "తేదీ వేస్తేనే పనవుతుందయ్యా. లేకపోతే మీరు కుర్చీల్లోంచి లేవరు," అని అధికారుల్ని పరుగులు పెట్టించేవాడు. ఇరవై రెండేళ్ళ రాజకీయంలో, అందులో అయిదేళ్ళ మంత్రి పదవిలో, ఆ పద్ధతి అతనికి భేషుగ్గా పనిచేసింది. మనిషి మంచివాడే. ఓపిక ఒక్కటే అతని ఒంట్లో లేదు.

రంగుల ఫ్యాక్టరీ మూసెయ్యాలని కోర్టు తీర్పిచ్చిన రోజున అతని ఇల్లు పెళ్ళివారిల్లయింది. వీధి గుమ్మం ముందు చెప్పుల గుట్ట. హాల్లో దండలు, లడ్డూలు, ఫొటోలు. ఒకప్పుడు "మంత్రిగారు" అని పిలిచిన ఊరే ఎనిమిదేళ్ళుగా అతన్ని "పర్యావరణం నాయుడు" అంటోంది. ఈ రెండో బిరుదే అతనికి ఎక్కువ ఇష్టం.

పన్నెండేళ్ళ క్రితం ఆ ఫ్యాక్టరీకి అనుమతి మీద సంతకం పెట్టిందీ, దాని మురుగుకాలువ గేటు చక్రం తన చేత్తో తిప్పి ప్రారంభించిందీ అతనే. ఆ సంగతి దాచలేదు. ఏ సభలోనైనా మొదట ఆ మాటే చెప్పేవాడు. "ఈ పాపం నాది. కడుక్కోవలసిందీ నేనే," అనేవాడు. తప్పు ఒప్పుకునే నాయకుణ్ణి జనం అంతకుముందు చూసి ఎరగరు. చప్పట్లు మోగిపోయేవి. నిజం చెప్పాలంటే ఆ చప్పట్లు కూడా అతనికి బాగానే రుచించాయి.

అతని మనసు మారింది మాత్రం చప్పట్ల కోసం కాదు. ఓడిపోయిన ఎన్నికల్లో ఓట్లు అడగడానికి జోగమ్మపేట వెళ్ళాడు. కాలువ ఒడ్డునే, గేటుకి దిగువనే ఉంటుంది ఆ ఊరు. పారమ్మ అనే ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నీళ్ళు నీలంగా ఉన్నాయి. చెంబు పట్టుకున్న చేతులు మోచేతుల దాకా పొలుసులు లేచి, పగిలి ఉన్నాయి. "తాగండి బాబూ, మీరిచ్చిన నీళ్ళే గదా," అంది. అతను తాగలేకపోయాడు. ఓటు అడగలేకపోయాడు. ఆ చేతులు రెండూ పట్టుకుని, "ఈ కాలువ నేనే మూయిస్తాను," అని మాటిచ్చి వచ్చేశాడు.

ఆ మాట ఇప్పుడు నెరవేరింది. నాయుడు గొంతు బొంగురుపోయేలా మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు. అతని భార్య రవణమ్మ మాత్రం మధ్యలో రెండుసార్లు వచ్చి చెవిలో చెప్పింది.

"ఏమండీ, ఆ జాడీలో చేపలు తిరగబడ్డాయి. నీళ్ళు కూడా అదోలా అయిపోయాయి."

"తరవాత చూద్దాంలెద్దూ," అని నాయుడు తన మెడలోని సన్మానం శాలువా తీసి షోకేసులో ఉన్న గాజుజాడీ మీద కప్పేశాడు. ఫొటోలు తీసేవాళ్ళున్నారు మరి.

ఆ జాడీ కథ ఊరందరికీ తెలుసు. దాని అడుగున ముదురాకుపచ్చ మఖమల్ గుడ్డ పరిచినట్టుండేది నీలిమింగి. నాయుడి కూతురు విశాలాక్షి తొమ్మిదేళ్ళు కూర్చుని పుట్టించిన నాచు అది. రంగుల విషం కలిసిన నీళ్ళలో దాన్ని వేస్తే మూడురోజుల్లో నీలం విరిగిపోయి నీళ్ళు తేటపడేవి. రెండేళ్ళ క్రితం దాన్ని చింతగెడ్డ జలాశయంలో వదిలారు. ఇరవై రెండు ఊళ్ళు తాగే నీళ్ళవి. కాలువ నీరు నీలంగా వచ్చి అందులో పడటం, అవతలి గట్టుకి తేటగా చేరటం జనం కళ్ళారా చూశారు. ఆ గెలుపు గుర్తుగా నాయుడు ఒక జాడీ అడిగి తెచ్చుకుని, రెండు బుల్లి చేపలు వేసి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. దానికి ఆదివారం ఆదివారం రెండు చెంచాల కాలువ నీళ్ళు పొయ్యాలి. అదే దాని మేత.

సాయంత్రానికి విశాల వచ్చింది. నెలరోజులుగా జలాశయం గట్టు మీది ప్రయోగశాలలోనే ఉంది. తండ్రి నోట్లో లడ్డూ పెట్టబోయింది. ఇంతలో షోకేసులో శాలువా కనిపించింది.

"ఇదేంటి నాన్నా, ముసుగేశారు?"

శాలువా తీసింది. జాడీలో నీళ్ళు సిరా. చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. విశాల చేతిలో లడ్డూ కిందపడింది.

"మేత ఎప్పుడు వేశారు?"

"అదా... ఆ కాలువ నీళ్ళ సీసా పారేశానమ్మా. తీర్పు వచ్చే ముందు ఆ దిక్కుమాలిన విషం నా కొంపలో ఎందుకని."

"ఎప్పుడు నాన్నా? ఏ రోజు?"

కూతురి గొంతు విని హాల్లో నవ్వులు ఆగిపోయాయి. నాయుడు వేళ్ళ మీద లెక్క వేశాడు. వాదనలకి బయల్దేరిన ఆదివారం, ఆఖరి మేత వేశాక. ఇవాళ్టికి ఇరవై నాలుగు రోజులు. నిన్నటిదాకా నీళ్ళు తేటగానే ఉన్నాయని రవణమ్మ చెప్పింది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఫ్యాక్టరీ మేనేజరు. "అభినందనలు నాయుడుగారూ. కోర్టు వచ్చే నెల ఒకటి దాకా గడువిచ్చింది గానీ మాకెందుకండీ ఆ గడువు? పక్క రాష్ట్రంలో స్థలం సిద్ధంగా ఉంది. ఈ సాయంత్రమే గేటు దింపేశాం. కాలువలో చుక్క రాదిక." నాయుడు థాంక్స్ చెప్పి పెట్టేశాడు. ఆ మాట కూతురికి చెప్పాక ఆమె మొహం చూసి, అప్పటిదాకా తెలియని భయం అతనికి పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే ప్రయోగశాలకి వెళ్ళారు. విశాల జాడీలోంచి చిటికెడు నాచు తీసి గాజుపలక మీద పరిచి, "చూడండి," అంది. నాయుడు కళ్ళజోడు తీసి సూక్ష్మదర్శినిలోకి వంగాడు. పొట్టు పగిలిన బఠాణీల్లా ఏవో కనిపించాయి.

"అవి సంచులు నాన్నా. నీలిమింగి విషాన్ని కొంచెమే అరిగించుకుంటుంది. మిగతాది ఈ సంచుల్లో దాచుకుంటుంది. మేత వస్తున్నన్నాళ్ళూ సంచి గట్టిగా ఉంటుంది. మేత ఆగితే ఆ సంచి గోడనే తినడం మొదలెడుతుంది. ఇరవై మూడు రోజులు ఓర్చుకుంది. ఇరవై నాలుగో రోజున అన్నీ ఒక్కసారి పగిలాయి."

నాయుడు కిటికీలోంచి జలాశయం వైపు చూశాడు. ఎండలో తళతళలాడుతోంది. గట్టు మీద ఎవరో గేదెల్ని కడుగుతున్నారు. ఆ తేటనీళ్ళ అడుగున రెండేళ్ళ విషం మూట కట్టుకుని కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం నుంచి దానికి మేత లేదు.

"లాగేద్దాం. యంత్రాలు దింపి మొత్తం నాచు లాగి పారేద్దాం."

"మూడేళ్ళు పడుతుంది. లాగుతుంటే సగం అక్కడే పగులుతుంది."

"ట్యాంకర్లతో మేత తెప్పిద్దాం."

"రోజుకి రెండువందల ట్యాంకర్లు. అదీ ఫ్యాక్టరీ నడిస్తేనే. వేరే రంగుల విషం ఇది ముట్టదు, మనమే అలా తయారుచేశాం." విశాల గొంతు తగ్గించింది. "ఒక్కటే దారి నాన్నా. చంటిపిల్లకి పాలు మాన్పించినట్టు కొంచెం కొంచెంగా మేత తగ్గిస్తూ రావాలి. సంచుల్లో ఉన్నది అరిగేదాకా."

"అంటే కాలువ మళ్ళీ వదలాలా?"

విశాల గోడకున్న అలమారలోంచి ఒక పాత నోటుపుస్తకం తీసి అతని ముందు పెట్టింది. దాని మీద ఆమె చేతిరాత: పస్తు పరీక్ష, నలభై రోజులు. లోపల రోజుకో పేజీ. పదిహేడో రోజు దగ్గర "సంచి గోడలు పలచబడుతున్నాయి" అని రాసి ఉంది. ఇరవయ్యో రోజు తరువాత అన్నీ తెల్లకాగితాలు.

నాయుడికి గుర్తొచ్చింది. ఎలా మరిచిపోతాడు? జలాశయంలో నాచు వదిలే తేదీ అతనే ప్రకటించాడు. జూన్ అయిదు, పర్యావరణ దినం. పోస్టర్లు కూడా అచ్చయ్యాయి. విత్తనానికి నాచు చాలకపోతే, పస్తు పెట్టిన తొట్లకి కూడా మేత వేయించి వాడేయమన్నాడు. "ఇంకో ఇరవై రోజులు నాన్నా, పరీక్ష పూర్తవనీండి," అని విశాల బతిమాలింది. "ఇరవై రోజులు బాగానే ఉంది గదమ్మా, ఇంకో ఇరవై రోజులూ బాగానే ఉంటుంది. తేదీ వేసేశాను," అన్నాడు. పందిళ్ళు వేసేశారు, జనానికి చెప్పేశారు. అంతే.

"నేను ఆపి ఉండాల్సింది. నేనూ సంతకం పెట్టాను," అంది విశాల.

నాయుడు చాలాసేపు ఆ తెల్లకాగితాలు తిప్పుతూ కూర్చున్నాడు. తరువాత మెల్లిగా అన్నాడు. "విశాలా, మనం నోరు మూసుకుంటే? విషం బయటపడిన నాడు, ఫ్యాక్టరీవాళ్ళు పోతూ పోతూ పోసిపోయారనే అంటారందరూ. ఒక్కరు కూడా మనవైపు వేలు చూపించరు."

కూతురు తన మీద అరుస్తుందనుకున్నాడు. అరవలేదు.

"రాత్రి నాకూ అదే తట్టింది నాన్నా. అందుకే భయమేసింది," అంది.

గట్టు కింద పంపుహౌసులో మోటార్లు ఆడటం మొదలైంది. ఇరవై రెండు ఊళ్ళ కుళాయిలకి నీళ్ళు వదిలే వేళ అది. నాయుడు నోటుపుస్తకం చంకలో పెట్టుకుని లేచాడు. ఎక్కడికి వెళ్ళాలో అతనికి తెలుసు. కానీ ఎటు వెళ్ళినా ఆ దారి జోగమ్మపేటలోంచే పోతుంది.

ఆ తరువాతి రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే, ఎనిమిదేళ్ళు కట్టుకున్న ఇంటిని తన చేత్తోనే పడగొట్టుకున్నాడని చెప్పాలి. కాలువ మళ్ళీ తెరిపించమని కోర్టుని అడుగుదామంటే అతని వకీలు కాగితాలు మొహాన కొట్టినంత పని చేశాడు. "గెలిచిన కేసు ఓడిపోవడానికి ఫీజు తీసుకోవడం నాకు చేతకాదు," అన్నాడు. మరో వకీల్ని పట్టుకునేసరికి ఆరు రోజులు పోయాయి. విశాల నోటుపుస్తకం కోర్టుకి వెళ్ళింది. ఏ రోజు, ఎందుకు, ఎవరి మాట మీద పరీక్ష ఆగిందో నాయుడు ప్రమాణపత్రంలో ఏదీ దాచకుండా రాసిచ్చాడు.

ఈసారి చప్పట్లు లేవు. "నాయుడు అమ్ముడుపోయాడు" అన్నారు. ఈ పాపం నాది అని అతనన్నప్పుడల్లా మురిసిపోయిన జనమే, నిజంగా పాపం చేశానంటే నమ్మలేదు. ఎంత ముట్టిందని అడిగారు. మొన్న దండలు వేసిన కుర్రాళ్ళే అతని ఇంటి గేటు మీద నీలం రంగు కుమ్మరించి పోయారు. రవణమ్మ బక్కెట్టు తెచ్చుకుని కడిగింది. పూర్తిగా పోలేదు.

అన్నిటికన్నా కష్టం మేనేజరుని బతిమాలడం. ఫ్యాక్టరీలో సగం యంత్రాలు అప్పటికే లారీలెక్కాయి.

"మీరే తేదీ వేయించారు, మీరే వద్దంటారు," అన్నాడు మేనేజరు, కాఫీ కలుపుకుంటూ. "ఒక షెడ్డు నడుపుతాం. కానీ ఊరికే నడపం. ఫ్యాక్టరీ నడవడం ప్రజలకి అవసరమని మీ చేతిరాతతో ఒక కాగితం కావాలి. ఎక్కడికెళ్ళినా పనికొస్తుంది మాకు."

అంటే పక్క రాష్ట్రంలో ఏ ఊరివాళ్ళు అడ్డుపడినా, పర్యావరణం నాయుడే రాసిచ్చాడని ఆ కాగితం చూపిస్తారు. నాయుడికి అది తెలుసు. మేత ఆగి అది పద్దెనిమిదో రోజు. ఇంకా అయిదు రోజులే ఉన్నాయి. కలం అడిగి తీసుకుని రాశాడు. సంతకం పెడుతుంటే, పన్నెండేళ్ళ నాటి ఆ మొదటి సంతకం ఎంత తేలిగ్గా పెట్టాడో గుర్తొచ్చింది.

ఇరవయ్యో రోజున కోర్టు ఒప్పుకుంది. విశాల పర్యవేక్షణలో కాలువ మళ్ళీ వదలాలి, నెలనెలా తగ్గించాలి, సంచుల్లో విషం అరిగాక పూర్తిగా మూసెయ్యాలి. జోగమ్మపేటని తప్పించి పైపు వెయ్యాలని కూడా అంది. పైపు వెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేదు.

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం గేటు తియ్యాలి. ఆ ఊరివాళ్ళకి ఎవరు చెబుతారని అధికారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నేను చెబుతాను. గేటూ నేనే తీస్తాను," అన్నాడు నాయుడు.

జోగమ్మపేట చేరేసరికి తాను పొరపాటున వేరే ఊరొచ్చాడా అనిపించింది. ఎండిన కాలువలో పిల్లలు క్రికెట్టాడుతున్నారు. గట్ల రాళ్ళకి ఎవరో సున్నం కొట్టారు. కాలువ మధ్యలో, మెత్తటి ఒండ్రులో, నాలుగు మళ్ళు చేసి ఏదో నాటారు. బెత్తెడు ఎత్తున మొలకలు లేచి ఉన్నాయి.

పారమ్మ అతన్ని చూసి చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. పేపరు చదివే ఊరు కాదది. కబురు ఇంకా అక్కడికి చేరలేదు.

"రండి నాయుడు బాబూ! మాటిచ్చినారు, సేసి సూపించినారు. సూడండి, మా పిల్లగుంటలు ఎక్కడాడతన్నారో. పన్నెండేళ్ళలో ఈ కాలవలో కాలెట్టిన గుంట నేదు." ఇంట్లోకి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "నుయ్యి నీరు. నీలం దిగిపోతంది. తాగండి."

అదే చెంబు. నీళ్ళలో నీలం ఉందా లేదా అన్నంత పలచగా ఉంది. ఎనిమిదేళ్ళ క్రితం తాగలేని నీళ్ళు నాయుడు ఈసారి గటగటా తాగేశాడు. తాగి చెంబు కింద పెట్టి, గట్టు రాయి మీద కూర్చుని అంతా చెప్పాడు. నాచు సంగతి, సంచుల సంగతి, జూన్ అయిదు సంగతి, ఇరవై రెండు ఊళ్ళ సంగతి. సభల్లో మాట్లాడినట్టు కాదు, తప్పు చేసిన పిల్లవాడు మాస్టారి ముందు చెప్పినట్టు ఆగి ఆగి చెప్పాడు. చుట్టూ జనం మూగారు. గేటు పక్కన విశాల తలవంచుకుని నిలబడింది.

పారమ్మ కింద ఉన్న చెంబు తీసి గట్టు మీద బోర్లించింది.

"అయితే... ఇరవై రెండూళ్ళోళ్ళు బతకడానికి మేము మళ్ళీ ఆ నీరే మొయ్యాలంతారు."

"అవునమ్మా."

"ఆళ్ళని అడిగినారా? మమ్మల్ని అడిగినారా?"

"లేదు. ఎవర్నీ అడగలేదు. అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. చెప్పడానికొచ్చానంతే. గేటు ఇవాళ తియ్యకపోతే ఎల్లుండి తరువాత చేయి దాటిపోతుంది."

జనంలో ఎవరో నాయుణ్ణి అమ్మనాబూతులూ తిట్టారు. ఒకతను కర్ర పట్టుకుని ముందుకొచ్చాడు. పారమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆ చేతుల మీద పొలుసులు కొద్దిగా ఎండినట్టు, కొత్త చర్మం లేస్తున్నట్టు నాయుడికి కనిపించింది. ఆ చేతుల వంక చూడలేక తల తిప్పుకున్నాడు. తిప్పుకుంటే కాలువలో ఆడుతున్న పిల్లలు కనిపించారు. ఎటు చూడాలో తెలియక తన చెప్పుల్ని చూసుకున్నాడు.

"సరే బాబూ. ఎన్నాళ్ళు?" అంది పారమ్మ. "తేదీ సెప్పండి. మీరు తేదీ యేస్తే అవుద్దంతారు గదా. ఓర్సుకుంతాం. ఏ తేదీకి మూస్తారో అదొక్కటీ సెప్పండి."

నాయుడు నోరు తెరిచాడు. వచ్చే ఏడాది జూన్ అయిదు అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే ఆవిడ మొహంలో కొంచెం వెలుగు వస్తుంది, కర్ర పట్టుకున్నతను వెనక్కి తగ్గుతాడు, తానూ గట్టు దిగి ఇంటికి పోవచ్చు. విశాల వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"తేదీ లేదమ్మా," అన్నాడు. "తెలీదు. నాలుగేళ్ళు కావచ్చు, ఎక్కువా కావచ్చు. ఇక్కడే ఓ గది చూసుకుని ఉంటాను, మీ నీళ్ళే తాగుతాను. కానీ తేదీ మాత్రం చెప్పలేను."

ఇరవై రెండేళ్ళ రాజకీయంలో, ఎనిమిదేళ్ళ ఉద్యమంలో, ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. లేచి గేటు దగ్గరికి వెళ్ళి చక్రం మీద చేతులు వేశాడు. ఇనుము ఎండకి కాలుతోంది. పన్నెండేళ్ళ క్రితం దీనికి కుంకుమ బొట్టు పెట్టారు, బంతిపూల దండ వేశారు. గేటుకి అవతల నీలం నీళ్ళు నిండి నిలబడి ఉన్నాయి.

"ఆగండి బాబూ."

పారమ్మ చీర చెంగు బొడ్డులో దోపుకుని కాలువలోకి దిగింది. "గుంటల్లారా, ఆట సాలు. పైకెక్కండర్రా!" అని కేకేసింది. పిల్లలు బ్యాటు, వికెట్లు పట్టుకుని విసుక్కుంటూ గట్టెక్కారు. ఆవిడ మడి దగ్గర చతికిలబడి మొలకల్ని ఒక్కొక్కటీ వేరు తెగకుండా పీకి ఒళ్ళో వేసుకోవడం మొదలుపెట్టింది.

"తేదీ నేదంతే నేదు. నీరొచ్చేలోగా ఈ బెండ మొక్కలైనా తీసుకోనివ్వండి."

నాయుడు చక్రం వదిలేసి, చెప్పులు విడిచి కాలువలోకి దిగాడు. ఆవిడ పక్కన కూర్చుని అతనూ పీకసాగాడు. చేతకాక మొదటి రెండు మొక్కల వేళ్ళూ తెంపేశాడు. పారమ్మ తరువాతిది ఎలా తియ్యాలో వేలితో మట్టి కదిపి చూపించింది. విశాల కూడా దిగింది. నాలుగు మళ్ళూ ఖాళీ అయ్యేసరికి ఎండ వాలింది.

పారమ్మ గట్టెక్కి, ఒళ్ళో మొక్కలు సర్దుకుని, కాలువలో ఇంకెవరైనా పిల్లలున్నారేమోనని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది.

"అయిపోనాది," అంది. "తిప్పండి."